ఉప్పునీటి ట్యాంకులో ఇసుకను కదపాలా, వదిలేయాలా?

కొత్తరీఫర్:
నా రీఫ్ ట్యాంకుకు (పగడాలు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) మూడేళ్లు. అడుగున రెండు అంగుళాల ఆరగొనైట్ (సున్నపు రకం) ఇసుక ఉంది, ఇంతవరకు దాని జోలికి పోలేదు. నిన్న ఒక రాయి జరిపితే గోధుమరంగు మబ్బు లేచి అరగంట దాకా ఏమీ కనబడలేదు. మురికి కుళ్లితే నీళ్లలో చేరే నైట్రేట్ 40 పీపీఎం (పది లక్షల్లో 40 వంతులు) నుంచి దిగడం లేదు. ఇసుకలోని మురికిని గొట్టంతో బయటికి లాగే సైఫన్ పెట్టమని కొందరు, ముట్టుకోవద్దని కొందరు. టెన్షన్‌గా ఉంది.

లోతుఇసుక:
ముట్టుకోకండి. ఇసుక లోపల ఆక్సిజన్ అందని చోట ఉండే బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మారుస్తుంది. నా ఐదు అంగుళాల ఇసుకలో అద్దం వెంట ఆ బుడగలు కనిపిస్తూనే ఉంటాయి. ఆరేళ్లుగా కదపలేదు, నైట్రేట్ 5 దాటలేదు. సైఫన్ పెడితే ఇసుకలో ఉండే మేలు చేసే చిన్న పురుగులన్నీ పోతాయి.

పగడాలతోట:
అన్నా, మీ ఐదు అంగుళాల లెక్క ఆయన రెండు అంగుళాలకు ఎలా సరిపోతుంది? అంత పలచటి ఇసుకలో ఆ పని నమ్ముకునేంతగా జరగదు. మురికి మాత్రం చేరుతుంది. ఆ మబ్బు మూడేళ్ల మిగులు మేత, చేపల రెట్ట. అది కుళ్లుతున్నంత కాలం నైట్రేట్, ఫాస్ఫేట్ వస్తూనే ఉంటాయి.

అలాగని ఒక్కరోజే మొత్తం కెలకొద్దు. నేను ఆ తప్పు చేశాను. అడుగున ఉన్న నల్లటి పొర పైకొచ్చి కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది, అది హైడ్రోజన్ సల్ఫైడ్. తెల్లారేసరికి నా గోబీ చేప చచ్చిపోయింది. ఇప్పటికీ బాధే.

నీళ్లు మార్చినప్పుడల్లా నాలుగో వంతు ఇసుకే శుభ్రం చేయండి. గొట్టం నిలువుగా గుచ్చండి, ఇసుక సగం దాకా లేవగానే పైపును వేళ్లతో నొక్కండి. ఇసుక బరువుకి కిందికి జారుతుంది, వదిలితే మురికి బయటికి పోతుంది. రాళ్ల కింద తవ్వొద్దు, కూలతాయి. నసారియస్ నత్తలు మంచివే, కానీ మురికిని ట్యాంకు దాటించలేవు. ఇసుక జల్లించే స్టార్‌ఫిష్ అసలు వద్దు. పురుగుల్ని తినేసి, ఆపైన తిండి లేక అదే చస్తుంది.

లోతుఇసుక:
నాలుగో వంతు చొప్పున అయితే ఒప్పుకుంటా, మిగతా ఇసుకలోంచి పురుగులు మళ్లీ వ్యాపిస్తాయి. కానీ ఏళ్ల తరబడి కదపని లోతైన ఇసుకకు మాత్రం ఈ సలహా ఇవ్వకండి. మీ గోబీకి జరిగిందే అక్కడా జరుగుతుంది.

కొత్తరీఫర్:
ఈరోజు ముందు మూలలో మొదలుపెట్టాను. బకెట్‌లో నీళ్ల అడుగు కనబడలేదు. గుడ్డు వాసన మాత్రం రాలేదు. రెండో మూల వచ్చే వారం.