టిన్ గ్రానైట్‌లో అంత రాగి ఎక్కడిది?

ఎమ్మెస్సీ జియాలజీ స్టూడెంట్‌ని. వచ్చే వారం ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ గ్రానైట్ల మీద సెమినార్ ఇవ్వాలి, ఒకచోట ఆగిపోయాను.

టిన్ సంగతి అర్థమైంది. ఆక్సిజన్ తక్కువున్న మాగ్మాలో అది ముందుగా గడ్డకట్టే ఖనిజాల్లోకి పోదు, చివరి ద్రవంలో పోగవుతుంది. అక్కడి నుంచి వేడినీళ్లు పగుళ్లలోకి మోసుకెళ్లి కాసిటరైట్ (టిన్ ఖనిజం)గా వదులుతాయి. మా ల్యాబ్‌లో ఒక ముక్క ఉంది: తెల్లటి క్వార్ట్జ్‌లో నల్లటి గింజలు, చేతిలోకి తీసుకుంటే సైజుకి మించిన బరువు.

కానీ రాగి పెద్దగా దొరికేది ఆక్సీకరణ ఎక్కువున్న మాగ్మాతో కదా? కార్న్‌వాల్‌లోని డోల్‌కోత్ గనిలో పైన రాగి, లోతుకి వెళ్లాక టిన్ తవ్వారు. చల్లబడే క్రమంలో రాగి పైకి చేరిందని అనుకున్నా సరే, అసలు అది వచ్చింది గ్రానైట్ నుంచేనా, లేక చుట్టూ ఉన్న పాత అగ్నిపర్వత రాళ్ల నుంచి వేడినీళ్లు కడిగి తెచ్చాయా? రాగి ఖనిజంలోని సల్ఫర్ ఐసోటోపులతో (బరువులో తేడా ఉన్న సల్ఫర్ పరమాణువుల నిష్పత్తితో) తేల్చవచ్చా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, మా సార్ ఇదే అడుగుతారని టెన్షన్‌గా ఉంది.