ఆపరేషన్ అయిన పెద్ద కుక్కను ఇంట్లో కదలకుండా ఉంచేదెలా?

మా లాబ్రడార్‌కు వెనక కాలి మోకాలి దగ్గర లిగమెంట్ తెగితే, ఎముక కోసి ప్లేటు వేశారు. అది అతుక్కోవడానికి 8 నుంచి 12 వారాలు పడుతుందట. అంతవరకు పరుగులు, గెంతులు, మెట్లు బంద్. ఒంటికీ రెంటికీ మాత్రం బెల్టు పట్టుకుని బయటికి తీసుకెళ్లమన్నారు డాక్టర్. చెప్పడం తేలికే! వీడు 40 కిలోలు, పైగా నొప్పి తగ్గగానే కాలు బాగైపోయిందనుకుంటున్నాడు.

క్రేట్‌లో (కుక్కను ఉంచే బోనులో) లేచి నిలబడి అటూ ఇటూ తిరిగేంత చోటుంది. కానీ కాలింగ్ బెల్ మోగితే చాలు, ముందు కాళ్లు తలుపుకి ఆనించి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి లేస్తున్నాడు. నా టెన్షనంతా అదే. చిన్న గదిలో వదులుదామంటే నున్నటి టైల్స్. రబ్బరు మ్యాట్ పరిస్తే అంచులు కొరికేస్తున్నాడు.

పెద్ద కుక్కలతో ఈ దశ దాటినవాళ్లు చెప్పండి: క్రేట్‌లోనే ఉంచారా, గది మూల కంచె కట్టారా? పైన మూత లేని కంచె ఎంత ఎత్తుంటే దూకకుండా ఆగుతాయి? అవసరమైతే ట్రాజొడోన్ అని, కుక్కను శాంతపరిచే మందు రాస్తానన్నారు డాక్టర్. అది వాడితే మీ కుక్కలు రోజంతా మగతగానే ఉన్నాయా? కూర్చున్నచోటే బుర్రకు పనిపెట్టే ఆటలేమైనా ఉంటే అవీ చెప్పండి, మొరుగుడు భరించలేకపోతున్నాం.