పెద్ద టమాటా కావాలంటే పెద్ద గింజే వేయాలా?

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ)

నమస్కారం అండీ. ఈ ఎండాకాలం మా పెరట్లో ఒక్క టమాటా అయినా కిలో దాటాలని నా పట్టుదల. రకం డెలీషియస్. 1986లో ఓక్లహోమాలో గోర్డన్ గ్రాహమ్ గారు 3.51 కిలోల కాయ కాయించి గిన్నిస్ రికార్డు కొట్టింది ఈ రకంతోనే. మా పక్కింటాయన ఒకే కాయలోంచి తీసిన గింజలిచ్చారు, కవరు మీద ఆ కాయ బరువు కూడా రాశారు. తెల్ల కాగితం మీద పోసి చూస్తే కొన్ని బొద్దుగా ఉన్నాయి, కొన్ని సగమే ఉన్నాయి. కిటికీ దగ్గర ఆరు కప్పులకే చోటు. పెద్దవి ఏరి వేస్తే కాయ కూడా పెద్దదవుతుందా? మా నాన్నగారు మదనపల్లె దగ్గర టమాటా పండించేవారు. గింజ ఏరకుండా నారు పోయనిచ్చేవారు కాదు. అందుకే ఈ అనుమానం.

జవాబు (కూకట్‌పల్లి, మిద్దెతోట)

పెద్దవే వేయండి మేడమ్. నేనైతే నీళ్లలో వేసి, తేలినవి పారేస్తాను.

జవాబు (కొలంబస్, ఒహాయో)

అమ్మా, నేను రాణెబెన్నూరు వైపు టమాటా విత్తనోత్పత్తిలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీ నాన్నగారు చేసింది సరైన పనే. బొద్దు గింజలో మొలకకు తిండి ఎక్కువ ఉంటుంది, మొదటి రెండాకులు వెడల్పుగా వస్తాయి, నారు ఒకేలా లేస్తుంది. మేమూ అందుకే జల్లెడ పట్టి గ్రేడ్ చేసేవాళ్లం. కానీ ఆ లాభం నారు దశ వరకే. మొక్క భూమిలో కుదురుకున్నాక ఏది ఏ గింజదో నేను కూడా చెప్పలేను.

ఒక్క లెక్క చూడండి. అడవి టమాటా కాయ ఒక గ్రాము అటూ ఇటూ ఉంటుంది. 2014లో మిన్నెసోటాలో డాన్ మెకాయ్ గారి బిగ్ జాక్ అనే రకం కాయ 3.81 కిలోలు తూగింది. కాయ వేల రెట్లు పెరిగితే, గింజ మహా అయితే రెండు మూడింతలు పెరిగింది. కాయ సైజు గింజ లావులో లేదు, దాని లోపలి జన్యువుల్లో ఉంది. మామూలు చిన్న టమాటాని అడ్డంగా కోస్తే రెండు మూడు గదులు కనబడతాయి. ఇలాంటి పెద్ద రకాల్లో గదులు చాలా ఎక్కువ. ఆ గదుల సంఖ్య పువ్వు విచ్చుకోక ముందే, మొగ్గలోనే తేలిపోతుంది. డెలీషియస్ తరతరాలకూ ఒకేలా వచ్చే స్థిరమైన రకం కాబట్టి మీ కవరులో లావు గింజకీ సన్న గింజకీ జన్యువుల్లో తేడా దాదాపు ఉండదు. ఒకటి కాయలో బాగా నిండింది, ఇంకొకటి నిండలేదు, అంతే. మీరు చూసుకోవాల్సింది పక్కింటాయన కవరు మీద రాసిన బరువు. పెద్ద కాయలు పండించేవాళ్లు గింజలు పంచుకునేటప్పుడు తల్లి కాయ బరువు రాసేది అందుకే.

నీళ్లలో తేల్చే పద్ధతి గురించి ఒక మాట. గుజ్జు పులియబెట్టి గింజ తీసేటప్పుడు అది చక్కగా పనిచేస్తుంది. ఆరిన టమాటా గింజకు మాత్రం పైన సన్నటి నూగు ఉంటుంది, అందులో గాలి పట్టుకుని మంచి గింజ కూడా తేలుతుంది. దయచేసి వాటిని పారేయకండి. పలచగా, బోలుగా, నల్లబడ్డవి తీసేస్తే చాలు.

అసలు శ్రద్ధ పువ్వు దగ్గర పెట్టండి. మొదటి గెలల్లో రెండు మూడు పువ్వులు అతుక్కుపోయినట్టు వెడల్పాటి పువ్వు ఒకటి వస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని మెగాబ్లూమ్ అంటారు. మీ పెద్ద కాయ అందులోంచే రావాలి. పొద్దున తొమ్మిది, పదింటికి ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక భాగం కాడకు ఆనించి పుప్పొడి రాల్చండి, రెండు మూడు రోజులు వరసగా. ఎన్ని ఎక్కువ గింజలు కడితే కాయ అంత బాగా ఊరుతుంది. గింజ సైజు కంటే కాయలో గింజల సంఖ్యే ముఖ్యమని నేను గట్టిగా చెప్పగలను. పిందె నిలిచాక మొక్కకు ఒకటి రెండు కాయలే ఉంచండి. మిగతావి తుంచాలంటే మనసొప్పదు, అయినా తుంచాలి.

జవాబు (కూకట్‌పల్లి, మిద్దెతోట)

నూగు సంగతి నాకు తెలియదు సార్, చాలా థ్యాంక్స్. మా దగ్గర ఇలాంటి రకాలు ఆగస్టు, సెప్టెంబర్‌లో నారు పోస్తేనే ఏమైనా దక్కుతుంది. మార్చి వచ్చాక పూత రాలిపోతుంది, తెల్లదోమ వస్తే ఆకుముడత వైరస్ ఒకటి.

ప్రశ్న అడిగినవారు (ఎడిసన్)

అయితే బొద్దువి నాలుగు, సన్నవి రెండు వేసి, కప్పుల మీద గుర్తు పెడతాను. కాయ బరువుకి కొమ్మ విరగదా అండీ?

జవాబు (కొలంబస్, ఒహాయో)

కొమ్మ కంటే ముందు కాడ దగ్గర మడత పడుతుందమ్మా, అప్పుడు కాయ ఎదగడం ఆగిపోతుంది. పిందె నిమ్మకాయంత అయ్యేసరికే పాత చీర ముక్క ఉయ్యాలలా కట్టి, కొమ్మకు కాకుండా కర్రకు వేలాడదీయండి. నీళ్లు రోజూ ఒకే కొలత. ఎండబెట్టి ఒక్కసారిగా పోస్తే కాయ పగులుతుంది.