సమ్మక్క తల్లికి ఎస్పీ తుపాకీ పేల్చుడు: మర్యాదనా, కబ్జానా?

ములుగురోడ్డు:
మొన్న మేడారం జాతరల కండ్లార చూసిన. చిలకలగుట్ట మీదికెళ్లి వడ్డెలు (కోయ పూజారులు) సమ్మక్క తల్లిని కుంకుమ భరిణె రూపంల తీసుకొస్తుంటే, ఎస్పీ గాల్లకు తుపాకీ పేల్చి సర్కారు తరఫున స్వాగతం చెప్పిండు. పక్కన శివసత్తులు ఊగుతున్నరు, నాకు రోమాలు నిక్కబొడుచుకున్నయి. బస్సెక్కినంక అనుమానమొచ్చింది. కరువుల కప్పం కట్టేది లేదని కాకతీయ సైన్యంతోని కొట్లాడి నెత్తురు చిందించిన తల్లికి ఇయ్యాల రాజ్యమే సలాం కొడుతున్నది. రాజ్యం తల వంచినట్టా, తల్లిని జేబుల ఏసుకున్నట్టా? మీరేమంటరు?

జంపన్నవాగు:
సలాం సంగతి తర్వాత, బంగారం (బెల్లం) ధర జూసినవా అన్నా? జాతరప్పుడు నిలువెత్తు తూగాల్నంటే సన్నగున్నోళ్లకే సాధ్యం.

శాసనాల_సారు:
ముందు ఒక సవరణ. ప్రతాపరుద్రుడికీ సమ్మక్కకూ యుద్ధం జరిగిందని చెప్పే కాకతీయ శాసనం ఒక్కటీ లేదు. అది జనశ్రుతి. నమ్మకాన్ని గౌరవిస్తాను, కానీ దాని మీద సిద్ధాంతం కట్టకూడదు. రాజు, మతం సంగతి తేల్చాలంటే మన దగ్గర రాతి ఆధారాలే ఉన్నాయి. రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టి శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురినీ ఒక్క కప్పు కింద నిలిపాడు. 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. గోళకీ మఠం అనే శైవ మఠానికి ఇచ్చిన దానంలోంచి ప్రసూతిశాల, ఆరోగ్యశాల, పాఠశాల నడిచాయి. అన్నసత్రంలో అన్ని కులాల వారికీ భోజనం. ఇది కుర్చీకి చేసిన సేవా?

కుమ్మరి_బిడ్డ:
సారూ, శాసనం ఎవడు చెక్కిస్తడు? చేతుల ఊరున్నోడు, శిల్పికి కూలిచ్చేటోడు. కోయోళ్లు రాయి మీద చెక్కియ్యలే, తరతరాలు నోటితోని పాడుకుంటొచ్చిండ్రు. రాయి సాక్ష్యమైతది, నోరు సాక్ష్యం కాదా? గణపతిదేవుడు ఆ మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యునికి మందడం ఊరు రాసిచ్చిండు, మరి ఆయనకేమొచ్చింది? కాకతీయులను చతుర్థ కులమని, అంటే శూద్రులని చెప్పే శాసనాలున్నయి. సూర్యవంశమని చెప్పేవీ ఉన్నయి. ఒక్క ఇంటోళ్లకు రెండు పుట్టుకలు ఎట్లొచ్చినయంటరు? మఠానికి ఊరు పోయింది, సింహాసనానికి వంశమొచ్చింది.

శాసనాల_సారు:
మందడం దానపత్రం రుద్రమదేవిది, గణపతిదేవుడిది కాదు. తండ్రి మాట ఇస్తే కూతురు నెరవేర్చింది. ఇంత చిన్న విషయం తెలియకుండా వంశాల గురించి తీర్పులా?

కుమ్మరి_బిడ్డ:
అయ్య ఇస్తనన్నడు, బిడ్డ ఇచ్చింది. ఊరు మాత్రం పోయింది గదా. నా ప్రశ్న వంశం మీద, మీ జవాబు దస్కతు మీద.

కాజీపేట_దర్గా_గల్లీ:
మా ఉర్సుకు హిందువులు గూడ చాదర్ మోసుకొస్తరు. అక్కడ వంశాలు ఎవలూ అడగరు. ఊకెనే చెప్తున్న.

శాసనాల_సారు:
దస్కతు కాదు, నిజం. తప్పు తేదీ మీద, తప్పు పేరు మీద కోపం కట్టుకుంటే అది చరిత్ర కాదు, కక్ష. నీకు గుడి అంటేనే మంట, తమ్మీ. సూటిగా చెప్పు.

కుమ్మరి_బిడ్డ:
సూటిగనే చెప్త. మా ఊరు పరకాల దిక్కు. పోచమ్మకు మా తాత, మా నాయిన పూజ జేసిండ్రు. బోనాలప్పుడు మొదటి బోనం మా ఇంట్లెకెళ్లే పోయేది. యాపచెట్టు కింద మూడు రాళ్లు, పసుపు, అంతే గుడి. ఊళ్లె పైసలు జమైనయి, పెద్దలు స్లాబు ఏసిండ్రు, గోపురం లేపిండ్రు. విగ్రహ ప్రతిష్ఠకు పంతులు వచ్చిండు. హోమం నడుస్తుంటే మా నాయినను బయట కూసోమన్నరు. ఆయన కడిగిన రాళ్లు గోడ కింద పోయినయి. ఇప్పుడు యాట కొయ్యాల్నంటే గేటు బయట, అది గూడ పంతులు ఇంటికి పోయినంక. తల్లి పెద్దగయింది, మేము చిన్నగయినం. తుపాకీ పేలుడు జూస్తే నాకు ఆ హోమం యాదికొస్తది. మీకు శాసనం గావాలె గదా, ఆ కమిటీ రశీదు బుక్కున్నది మా ఇంట్ల, సూడుండ్రి.

జంపన్నవాగు:
😔

శాసనాల_సారు:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ప్రతిదానికీ పంతులు వచ్చాడు అంటావే, ఆ పంతులు ఎవరో నీకు తెలుసా? మా నాన్న ఒక పల్లెటూరి శివాలయంలో అర్చకుడు. 1987 దేవాదాయ చట్టంతో వంశపారంపర్య హక్కు పోయింది. మాన్యం పొలం కౌలుకు ఎవరికి పోయిందో, ఎంతకు పోయిందో మాకు చెప్పినవాడు లేడు. నెలకు వచ్చే జీతం దీపం నూనెకే చాలేది కాదు, చివరికి ఆయన కిరాణా కొట్టులో పద్దులు రాశాడు. అధికారం మా చేతిలో ఉందని మీరంతా అనుకుంటారు. తాళంచెవి ఆఫీసులో, హుండీ ఆఫీసులో, గంట మాత్రం మా చేతిలో!

ఐలోని_అక్క:
ఇద్దరూ నాయిన్ల కథలే చెప్పవడ్తిరి. మా మల్లన్న జాతరల శివసత్తులు పూనకమొచ్చి ఊగినంతసేపు పెద్దమనుషులు గూడ ఆగి ఇంటరు, దండం పెడ్తరు. పూనకం దిగినంక ‘ఏయ్, జరుగు’ అంటరు. దాని గురించి ఎవలన్న రాయుండ్రి.

ములుగురోడ్డు:
అక్కా, నువ్వు జెప్పింది మేడారానికి గూడ వర్తిస్తది. నాలుగు రోజులు వడ్డెల మాటే మాట. 1996ల రాష్ట్ర పండుగ అయినకాంచి మిగతా రోజులు ఎవల మాట నడుస్తదో అందరికెరుకే.

శాసనాల_సారు:
రోడ్లు, నీళ్లు, వైద్య శిబిరాలు లేకుండా కోటి మంది జాతర జరుగుతుందా? సర్కారు వద్దంటే అవి ఎవరు చేస్తారు?

కుమ్మరి_బిడ్డ:
రోడ్డు ఎయ్యొద్దన్నదెవలు? రోడ్డేసినోడు గద్దె మీద గూడ కూసోవాల్నా అని అడుగుతున్న. సరే సారూ, మీ నాయిన కష్టం నాకు సమజైంది, అబద్ధం చెప్ప. ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకుండ్రి. హక్కు పోకముందు, మీ నాయిన గంట గొట్టిన రోజుల్ల, మా అసొంటోళ్లు ఆ గుళ్లె యాడిదాంక వచ్చేది?

(మరునాడు)

శాసనాల_సారు:
ధ్వజస్తంభం దాకా. ప్రసాదం వండే కొత్త కుండలు తెచ్చి అక్కడే దించి వెళ్లేవాళ్లు. మా నాన్న నీళ్లు చల్లి లోపలికి తీసుకునేవాడు. చిన్నప్పుడు ఆ చెంబు పట్టుకుని పక్కన నిలబడింది నేనే.