పాడేరు ఘాట్లో స్టీరింగ్ పవర్ పోయి వస్తోంది: ర్యాకు మార్చాలా, పంపు మార్చాలా?

మధురవాడ జీపు:

అన్నలూ, ఎవరికైనా ఇలా అయిందా చెప్పండి. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ జీపు, ఫోర్ బై ఫోర్, 2013 మోడల్. హైడ్రాలిక్ స్టీరింగ్. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు, ఆయిలు, ఆ ఆయిలు ఒత్తిడి సాయంతో చక్రాలని అటూ ఇటూ నెట్టే ర్యాకు, అంతే. నాకంటే ముందు వాడినాయన మట్టి రోడ్ల కోసమని కంపెనీ సైజు కంటే వెడల్పు టైర్లు వేయించాడు.

ఊళ్ళో తిరిగితే ఏ గొడవా లేదు. హనుమంతవాక ట్రాఫిక్కులో కూడా ఒంటి చేత్తో తిప్పేస్తాను. అనకాపల్లి, చోడవరం, మాడుగుల దాకా హాయిగా వెళ్తుంది. ఘాట్ మొదలై ఇంజిన్ బాగా వేడెక్కాక అసలు కథ. సెకండ్ గేర్లో మలుపు సగం తిప్పేసరికి స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ఒకటి రెండు సెకన్లు, ఇంజిన్ ఆపేసిన బండిని తిప్పుతున్నంత బరువు. మళ్ళీ దానంతటదే తేలికైపోతుంది. మొన్న అమ్మవారి పాదాల దగ్గర మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తుంటే ఇదే వరస. పక్క సీట్లో మా ఆవిడ. అప్పట్నుంచి బండి అమ్మేయమని ఒకటే పోరు.

వంజంగి మట్టి దారిలో లో గేర్ వేసి, ముందుకీ వెనక్కీ తీసి తిప్పుకునేటప్పుడు ఇంకా ఎక్కువగా చేస్తోంది. ఆ టైములో బానెట్ లోంచి గుయ్యిమని రొద. రాత్రంతా ఆపి పొద్దున్న తీస్తే ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

ఆయిల్ డబ్బాలో లెవెల్ చూశాను, చల్లగా ఉన్నప్పుడు గీత దగ్గరే ఉంది. కింద చుక్క కూడా పడటం లేదు. ఒక షెడ్డులో ర్యాకు పోయింది, ముప్పై వేలు దాటుతుంది అన్నారు. ఇంకో చోట పంపు అన్నారు. ఇద్దరిలో ఒక్కరూ బండి నడిపి చూడలేదు, నేను చెప్పింది విని తీర్పు ఇచ్చేశారు. ఎవరి మాట పట్టుకోవాలి?

కంచరపాలెం కుర్రోడు:

బెల్టు గురూ, బెల్టు. కళ్ళు మూసుకుని చెప్తున్నా. పెద్ద టైర్లకి పంపు మీద లోడు ఎక్కువ, వదులుగా ఉన్న బెల్టు జారిపోతుంది. కీచుమంటోందా? స్టీరింగ్ టైట్ అయిన క్షణంలోనే డాష్ మీద బ్యాటరీ లైటు మిణుకుమంటోందా? చాలా బళ్ళలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా అదే బెల్టు మీద తిరుగుతుంది కాబట్టి జారితే రెండూ కలిపే ఏడుస్తాయి. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నాయేమో కూడా చూడు.

మధురవాడ జీపు:

బెల్టు ఈ మధ్యే కొత్తది వేయించాను తమ్ముడూ. మెరుపు లేదు, కీచు లేదు. బ్యాటరీ లైటు వెలగలేదు, రాత్రి పూట హెడ్‌లైట్లు కూడా డిమ్ అవ్వలేదు. రొద కూడా బెల్టు అరుపులా లేదు, లోపల్నుంచి మూలిగినట్టు వస్తోంది.

రుషికొండ రైడర్:

ఆయిల్ సంగతి చూసే ముందు ఒకటి తేల్చుకోండి బ్రదర్. పోతోంది పవరేనా, లేక రాడ్డులో ఎక్కడైనా పట్టేస్తోందా? స్టీరింగ్ రాడ్డు కింద ఇంజిన్ పక్కన ఉండే క్రాసు జాయింట్ బురద నీళ్ళు తాగి తుప్పు పడితే అచ్చం ఇలాగే బిగుస్తుంది. బండి ఎత్తు పెంచినవాళ్ళకి ఆ జాయింట్ కోణం మారి ఇంకా త్వరగా పాడవుతుంది. గుర్తు ఏంటంటే, స్టీరింగ్ ఒక పూర్తి చుట్టు తిప్పితే రెండు చోట్ల టైట్, రెండు చోట్ల లూజు వస్తుంది, అది కూడా ప్రతిసారీ అవే చోట్ల. ముందు రెండు చక్రాలూ జాకీ మీద లేపి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, ఇంజిన్ ఆపి మెల్లగా తిప్పి చూడండి. గాల్లో కూడా పట్టేస్తే అది పంపు తప్పూ కాదు, ర్యాకులో ఆయిలు ఆపే సీళ్ళ తప్పూ కాదు.

మధురవాడ జీపు:

నిన్న సాయంత్రం జాకీ పెట్టి చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే బరువు, ఎక్కడా పట్టలేదు. క్రాసుకి గ్రీజు కొట్టాను కూడా.

షెడ్డు పెద్దాయన:

బాబూ, నాను ఆటోనగర్లో జీపుల స్టీరింగుల కిందే జుట్టు నెరిపించుకున్నోణ్ణి. ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూస్తన్నాడు, నాకు ఫోన్లో రాసుకునే తీరిక దొరికింది. ర్యాకు మాట ప్రస్తుతానికి ఒగ్గేయ్.

నువ్వు రాసినదాన్లో పనికొచ్చే ముక్కలు రెండే. సెకను పోయి దానంతటదే వస్తోంది అన్నావు. గుయ్యిమని రొద అన్నావు. ర్యాకు లోపల సీళ్ళు అరిగితే ఎక్కువగా ఒక పక్కకి తిప్పితే బరువు, ఇంకో పక్కకి తేలిక. లేదా పొద్దున్నే బరువు, వేడెక్కాక తేలిక. నీది దానికి రివర్సు. పంపు లోపల రెక్కలు అరిగిపోతే వేడికి ఆయిలు పల్చబడి పవరు తగ్గుతుంది, నిజమే. కానీ అలా తగ్గిన పవరు బండి చల్లారేదాకా తిరిగి రాదు, మలుపు మధ్యలో పోయి మలుపు చివర వచ్చేయదు.

మరి పోయి వచ్చేది ఏటి? గాలి. పంపు ఆయిలు బదులు గాలి బుడగలు మింగితే ఆ క్షణానికి ఒత్తిడి పుట్టదు. బుడగ దాటిపోగానే పవరు వచ్చేస్తాది. ఆ మూలుగు కూడా గాలి మింగే పంపుదే. చుక్క కారలేదని నువ్వు ధీమాగా ఉన్నావు. పంపు నుంచి ర్యాకుకి పోయే పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి అది చిరిగితే ఆయిలు బయటికి చిమ్ముతుంది, నేల మీద కనపడతాది. డబ్బా నుంచి పంపుకి వచ్చే లావు పైపు అలా కాదు, దాన్లో పంపు లాగుతూ ఉంటుంది. అక్కడ సన్నని నెర్రె ఉంటే ఆయిలు బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతాది. ఊళ్ళో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే లాగుడు తక్కువ. ఘాట్లో రేస్ ఎక్కువ, లాగుడు ఎక్కువ, పైపు వేడికి మెత్తబడి ఉంటుంది. లో గేర్లో కూడా బండి మెల్లగా పోతున్నా ఇంజిన్ గట్టిగానే తిరుగుతాది కదా.

దీనికి పాడేరు దాకా వెళ్ళక్కర్లేదు, అది తేలేదాకా ఘాట్ ఎక్కకు కూడా. ఏదైనా ఖాళీ గ్రౌండులో ఎనిమిది అంకె వేస్తూ తిప్పి తిప్పి బాగా వేడెక్కించు. మూలుగు మొదలవ్వగానే ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ నడుస్తుండగానే గుడ్డ పట్టుకుని డబ్బా మూత తియ్యి. చొక్కా చేతులు బెల్టుకి దూరంగా పెట్టుకో. ఆయిలు మీద నురుగు ఉందంటే దొంగ దొరికినట్టే. అప్పుడు ఒకణ్ణి లోపల కూర్చోబెట్టి రేస్ చేయించి ఆ లావు పైపు మీద కన్నేసి ఉంచు. కొన్ని పైపులు లోపల పొర ఊడి, రేస్ ఇస్తే నొక్కుకుపోతాయి. క్లిప్పులు కూడా చూడు. సముద్రం గాలికి మన దగ్గర క్లిప్పులు బేగి తుప్పు పట్టి పట్టు ఒదిలేస్తాయి.

ఇంకో సంగతి. ఆ పైపు మీద అచ్చు చదువు. కొంతమంది ఆయిల్ పైపు దొరక్క రేడియేటర్ నీళ్ళ పైపు ముక్క కోసి పెట్టేస్తారు. ఆ రబ్బరు నీళ్ళకే పనికొస్తుంది, ఆయిలు తగిలితే ఉబ్బి మెత్తబడి లోపల్నుంచి రాలిపోతాది. ఆ పొట్టు డబ్బా అడుగున జల్లెడలో చేరి దారి మూసేస్తే, నెర్రె లేకపోయినా పంపుకి ఆయిలు అందదు.

ఇవన్నీ బాగుంటేనే గేజీ పెట్టించు. పంపుకీ ర్యాకుకీ మధ్య ఒత్తిడి చూపించే గేజీ, దాని తర్వాత ర్యాకు వైపు వాల్వు. వాల్వు మూసి చూస్తే పంపు బలం ఒక్కటే తెలుస్తుంది. మూసింది అయిదు సెకన్లు దాటనీకు, పంపు కాలిపోతాది. మూసినప్పుడు మాన్యువల్లో రాసిన ఒత్తిడి రాకపోతే పంపు. మూస్తే వచ్చి, వాల్వు తెరిచి స్టీరింగ్ చివరికంటా తిప్పి పట్టుకుంటే రాకపోతే ర్యాకు. ముప్పై వేలు చెప్పేవాడు ఈ పని చేసి చూపించాలా వద్దా?

దారిలో మళ్ళీ అలా అయితే కంగారుపడి తాళం తిప్పకు. స్టీరింగుకీ చక్రాలకీ మధ్య ఇనుప లంకె అలాగే ఉంటుంది, బరువే తప్ప తెగిపోదు. ఇంజిన్ ఆపితే బ్రేకుకి వాక్యూం సాయం కూడా కొద్దిసేపట్లో పోతాది. రెండు చేతులతో గట్టిగా పట్టి, స్పీడు తగ్గించి పక్కకి తియ్యి.

రుషికొండ రైడర్:

పెద్దాయనా, మా ఫ్రెండుది కొత్త బండి, ఎలక్ట్రిక్ స్టీరింగ్. వాడికీ అప్పుడప్పుడు టైట్ అవుతోంది. వాడూ ఇదే చూసుకోవాలా?

షెడ్డు పెద్దాయన:

దానికి ఆయిలెక్కడిది బాబూ. బ్యాటరీ వోల్టేజి, టెర్మినళ్ళు, ఛాసిస్‌కి వేసే ఎర్త్ వైరు చూడమను. ఒకే చోట అటూ ఇటూ ఎక్కువసేపు తిప్పితే మోటారు వేడెక్కి తనే సాయం తగ్గించుకుంటుంది, అది రోగం కాదు, కాసేపు ఒగ్గేస్తే వచ్చేస్తుంది. స్టీరింగ్ గుర్తు లైటు వెలిగితే మాత్రం స్కానర్ పెట్టించి కోడ్ చదివించాలి. ఇక్కడ దాన్ని కలపకండి, అతని బండి సంగతి తేలనీండి.

మధురవాడ జీపు:

గురువుగారూ, దొరికింది. మీరు చెప్పినట్టే గ్రౌండులో తిప్పి మూత తీశాను. మజ్జిగ చిలికినట్టు నురుగు. లెవెల్ కూడా గీత కంటే పైకి పొంగి ఉంది. రేస్ చేయిస్తే లావు పైపు వంపు దగ్గర నొక్కుకుపోవడం కళ్ళారా చూశాను, వదిలేస్తే మళ్ళీ ఉబ్బింది.

పైపు విప్పితే క్లిప్పు కింద, వేలిగోరు పట్టేంత నెర్రెలు. చుక్క కారలేదు గానీ అక్కడ మాత్రం దుమ్ము జిడ్డుగా నల్లగా అంటుకుని ఉంది, నేను అన్నిసార్లు చూసీ పట్టించుకోలేదు. పైపు మీద ఆయిలు మాట ఎక్కడా లేదు, నీళ్ళ పైపు ముక్కే. ముందు వాడినాయన పుణ్యం. చీల్చి చూస్తే లోపల పొర పెచ్చులుగా లేస్తోంది. డబ్బా అడుగున జల్లెడ నిండా నల్ల పొట్టు.

పవర్ స్టీరింగ్ ఆయిలుకని అమ్మే పైపు, కొత్త క్లిప్పులు వేయించాను. డబ్బా కడిగించి, పాత ఆయిలు తీసేసి, మూత మీద రాసిన రకమే పోయించాను. చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి, అటు చివరకీ ఇటు చివరకీ మెల్లగా తిప్పుతూ, తగ్గినప్పుడల్లా పోస్తూ బుడగలు ఆగేదాకా చేశారు. తర్వాతే స్టార్ట్ చేశారు. ఆదివారం పాడేరు వెళ్ళి వచ్చాను, ఒక్క మలుపులో కూడా టైట్ అవ్వలేదు. పూర్తిగా కట్ కొట్టి ఆపితే మాత్రం సన్నగా సుయ్యిమంటోంది. అది కూడా చూపించుకోవాలా?

షెడ్డు పెద్దాయన:

చివరకంటా తిప్పి పట్టుకుంటే ఒత్తిడి మరీ పెరక్కుండా చూసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిలు పక్క దారిన తిరుగుతాది, ఆ శబ్దమది. మామూలే. కానీ అలా పట్టుకుని కూర్చోకు, ఆయిలు ఇట్టే వేడెక్కిపోతాది. కొద్దిగా వెనక్కి ఒగ్గు. ఇన్నాళ్ళు గాలి మింగిన పంపు కదా, కొన్నాళ్ళు పోయాక కొంచెం ఆయిలు తీసి తెల్ల గుడ్డ మీద పోసి ఎండలో చూడు. ఇనుప రజను మెరిస్తే అప్పుడు పంపు గురించి ఆలోచిద్దాం. ర్యాకు డబ్బులు మిగిలాయి కాబట్టి ఆ వెడల్పు టైర్లు తీసి కంపెనీ సైజు వేయించుకో, పంపుకి కొంత బరువు దిగుతాది.

మధురవాడ జీపు:

గుడ్డ పరీక్ష తప్పకుండా చేస్తాను గురువుగారూ. టైర్ల జోలికి మాత్రం వెళ్ళను, వంజంగి బురదలో నన్ను బయటికి లాగేది అవే.

కంచరపాలెం కుర్రోడు:

ఏదైనా బెల్టు టెన్షన్ ఒకసారి చూయించు మావా.