నర్సరీని అందరి చోటుగా నిలబెట్టాలంటే లీజు ఎవరి పేరున ఉండాలి?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కడియం నుంచి మొక్కలు తెచ్చి అమ్మే చిన్న నర్సరీ నాది. షేడ్ నెట్ కింద బల్లలు వేశాక, సాయంత్రాలు జనం ఊరికే కూర్చోడానికీ వస్తున్నారు. ఒడియా మీడియం పిల్లలతో ఒకావిడ తెలుగు అక్షరాలు దిద్దిస్తోంది. ఓ పెద్దాయన నిమ్మకొమ్మ బెరడు గీకి, తడి నాచు పెట్టి, పాలిథీన్ చుట్టి గాలి అంటు కట్టడం నేర్పుతున్నారు. (కొనేవాళ్లు మాత్రం తక్కువే!)

స్థలం అద్దెది, 11 నెలల అగ్రిమెంట్. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి కాబట్టి, ఎక్కువ కాలానికి రాసివ్వడానికి ఓనరు గారు వెనకాడుతున్నారు. వచ్చేవాళ్లేమో 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ పెడదాం, చందాలేసుకుందాం అంటున్నారు. లీజు సొసైటీ పేరున రాయిస్తే నా దుకాణం గతేంటి? లెక్కలు విడిగా రాయాలా? ఓనరును ఎలా ఒప్పించాలి? ఒడిశాలో ఇలాంటిది నడిపినవాళ్లు చెప్పండి. ప్రవేశ రుసుము మాట మాత్రం వద్దు.