టిబెట్‌లోకి అనుమతి లేకుండా బ్రిటిష్ వాళ్లు మ్యాప్ ఎలా గీశారు?

ప్రశ్న:
1860ల్లో తెల్లవాళ్లని టిబెట్‌లోకి రానిచ్చేవాళ్లు కాదు కదా, మరి లాసా ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో వాళ్ల సర్వేకి ఎలా తెలిసింది? కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:
మనవాళ్లని పంపారండి. కుమావూఁ కొండల్లో మిలాం ఊరి మనిషి, బడిపంతులు నైన్ సింగ్ రావత్‌కి ప్రతి అడుగూ ఒకే కొలతలో పడేలా నడవడం నేర్పారు. జపమాలలో 108కి బదులు 100 పూసలే, వంద అడుగులకో పూస, అంటే మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు. ప్రార్థన చక్రంలో మంత్రాల బదులు లెక్కల చీటీలు. నీళ్లు ఎంత వేడికి మరుగుతున్నాయో చూసి ఎత్తు కట్టేవాడు. 1866 జనవరిలో లాసా చేరాడు. ఆ చలిలో, దొరికిపోతే ప్రాణం పోతుందని తెలిసీ లెక్క తప్పకుండా నడిచాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

జవాబు 2:
ఇలాగే సర్వే పని మీద పంపిన కింతుప్ గురించీ చెప్పాలి. టిబెట్‌లో పారే సాంగ్‌పో నది, మన బ్రహ్మపుత్ర ఒకటేనా తేల్చడానికి 1880లో ఒక లామాతో వెళ్లాడు, ఆ లామా ఇతన్ని బానిసగా అమ్మేశాడు. తప్పించుకుని కూడా పని వదల్లేదు, అవి దిగువన బ్రహ్మపుత్రలో తేలితే రెండూ ఒకటేనని తేలుతుందని, గుర్తులు పెట్టిన 500 దుంగలు రోజుకి 50 చొప్పున సాంగ్‌పోలో వదిలాడు. ముందుగా పంపిన కబురు అందాల్సినవాళ్లకి అందలేదు, దిగువన ఎవరూ కాపు కాయలేదు. నాలుగేళ్లకి తిరిగొస్తే చాలామంది నమ్మలేదు.

ప్రశ్న అడిగినవారు:
అయ్యో. తర్వాతైనా నమ్మారా?

జవాబు 2:
1913లో బ్రిటిష్ అధికారులు బెయిలీ, మోర్స్‌హెడ్ వెళ్లి చూశాక నమ్మారు. వాళ్ల సర్వేనే మరుసటి ఏడాది భారత్, టిబెట్‌ల మధ్య సరిహద్దుగా మెక్‌మహాన్ రేఖ గీయడానికి పనికొచ్చింది.